మౌగ్లీకి పూచీ పడ్డదెవరు?

మా చిన్నాన్న కూతురు, వాళ్ళాయన ఒక పాపను దత్తత తెచ్చుకున్నారు. దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ కారాలో పేరు రాయించుకుని ఏళ్ళ తరబడి ఎదురుచూస్తే వచ్చిన పిల్ల. వయసు దాటిపోయినా సరే అన్నప్రాసన జరగాల్సిందేనని మా పిన్ని పట్టుబట్టింది, దాంతో రాజమండ్రిలో అందరం కలిశాం. పుస్తకం, పెన్ను, బంగారు గొలుసు, చిన్న చాకు, గిన్నెలో వడ్లు వరసగా పేర్చి పిల్లను చాప మీద కూర్చోబెడితే, అది వాటి వంక చూడనైనా చూడకుండా గోడకి వేలాడుతున్న పంతులుగారి సెల్ ఛార్జర్ మీదకి పాకింది. అందరూ నవ్వారు. ఆ నవ్వుల్లోంచే ఎవరో "ఎవరి పోలికో ఏమిటో!" అన్నారు.

ఆ మాట అక్కడితో పోయేదే. భోజనాల దగ్గర మావయ్య ఒకాయన దాన్ని మళ్ళీ ఎత్తుకున్నారు. రిటైరైన హెడ్మాస్టరు, మాలో సగం మందికి ఇంగ్లీషు ఆయనే చెప్పారు. "ఎంత ప్రేమగా పెంచినా రక్తం రక్తమేనర్రా. జంగిల్ బుక్‌లో చూడండి, మౌగ్లీని తోడేళ్ళు పాలిచ్చి పెంచాయా, చివరికేమైంది? మనుషుల్లోకి పోయాడా లేదా?" అన్నారు. పులిహోర వడ్డిస్తున్న మా చెల్లి విననట్టే తర్వాతి విస్తరి దగ్గరికి వెళ్ళిపోయింది. విందని నాకు తెలుసు, ఎందుకంటే ఆ విస్తరిలో రెండుసార్లు వడ్డించింది.

ఆయన మాటలో చెడ్డతనం లేదు. పెద్దవాళ్ళు తోచింది అంటారు, తర్వాత పెరుగన్నంలోకి మాగాయ అడుగుతారు, అంతే. కానీ సాక్ష్యానికి ఆ పుస్తకాన్నే ఎందుకు తెచ్చారా అని నాకు పట్టుకుంది. పెంపకం మీద నాకు తెలిసిన పిల్లల పుస్తకాలన్నిటిలోకీ గట్టిది అదే. దాన్ని తెచ్చి రక్తం పక్షాన నిలబెట్టడమేమిటి?

పుస్తకం ఆయన వైపు ఉన్న చోట్లు

ముందు ఆయనకి రావలసిన మార్కులు ఆయనకి ఇచ్చేయాలి. పుస్తకం రాసిన కిప్లింగ్ రక్తాన్ని నమ్మినవాడే. కోతులు మౌగ్లీని ఎత్తుకుపోయే కథలో ఒక చిన్న సంగతి ఉంది. కట్టెలు కొట్టేవాడి కొడుకు కాబట్టి, ఎవరూ నేర్పకపోయినా వాడి చేతులు వాటంతటవే ఎండుకొమ్మలతో బుల్లి గుడిసెలు అల్లుతుంటాయట. కోతులకి వాడు నచ్చింది కూడా అందుకే. తోడేళ్ళ మధ్య పెరిగిన పిల్లాడికి కట్టెలవాడి పనితనం పుట్టుకతో వచ్చిందని రచయితే చెబుతుంటే ఇంక మావయ్యతో వాదనేం పెట్టుకుంటాం. ఇది చాలదన్నట్టు వాడి కళ్ళలోకి ఏ జంతువూ సూటిగా చూడలేదు, ప్రాణం పెట్టే నల్ల చిరుత బఘీరాతో సహా. మనిషి పుట్టుకకి ఏదో అధికారం ఉందన్నమాట. తెల్లవాడి పుట్టుకకి అధికారం ఉందని నమ్మిన కాలంలో, అలా నమ్మిన మనిషే రాసిన మాట అది, కాబట్టి నాకు ఆశ్చర్యమేమీ లేదు.

ఇక 1895లో వచ్చిన రెండో పుస్తకం చివరి కథ. మౌగ్లీకి దాదాపు పదిహేడేళ్ళు. వీడ్కోలు ఇస్తూ ముసలి ఎలుగుబంటి బాలూ, నీ రక్తంతో, నీ మందతో, నీ జనంతో గూడు కట్టుకో అంటాడు. రక్తం అన్న మాట అచ్చంగా అక్కడే ఉంది. అంతకుముందు కూడా మనిషి చివరికి మనిషి దగ్గరికే పోతాడని ఆ అడవిలో చాలామంది చాలాసార్లు అన్నారు.

సినిమాలు ఈ ముక్కనే పట్టుకుని మిగతాది వదిలేశాయి. 1967 డిస్నీ బొమ్మల సినిమాలో నీళ్ళకొచ్చిన అమ్మాయిని చూసి వాడు ఆమె వెంట ఊళ్ళోకి నడిచిపోతాడు. మన తరానికి మౌగ్లీ అంటే ఆదివారం దూరదర్శన్‌లో హిందీలో వచ్చిన ఆ జపాన్ బొమ్మల సీరియల్. పాటలో చడ్డీ, పువ్వు తప్ప ఇంకో ముక్క అర్థం కాకపోయినా గొంతెత్తి పాడినవాళ్ళం. పుస్తకం దాకా వెళ్ళినవాళ్ళు తక్కువే.

ఇంతకీ ఆ రక్తం ఎక్కడుంది?

నాకు తట్టిన మొదటి ప్రశ్న ఇదే. మౌగ్లీ కన్న తల్లిదండ్రులు పుస్తకం మొత్తంలో ఎక్కడున్నారు? మొదటి కథలో షేర్ ఖాన్ అనే పులి కట్టెలవాళ్ళ నెగడు మీదకి దూకుతుంది, కాళ్ళు కాల్చుకుంటుంది, జనం చెల్లాచెదురవుతారు, నడక అప్పుడే వచ్చిన పిల్లాడు తోడేలు గుహలోకి వచ్చి పిల్లల్ని తోసుకుని పాలకి చేరతాడు. ఆ తర్వాత కన్నవాళ్ళ ఊసే లేదు. వెతుక్కుంటూ ఎవరూ రారు. పుట్టుమచ్చ చూసి గుర్తుపట్టే సీను కూడా లేదు, మన సినిమావాళ్ళయితే తప్పక పెట్టేవాళ్ళు.

మెస్సువా ఉంది కదా అంటారు. ఉంది. పులి ఎత్తుకుపోయిన కొడుకు నాథూ కోసం ఏడ్చి ఏడ్చి ఉన్న తల్లి. మౌగ్లీ ఊళ్ళోకి రాగానే వీడేనేమో అన్న ఆశతో ఇంటికి తీసుకెళ్తుంది, పాలూ రొట్టే పెడుతుంది. తర్వాత నీకు కొత్త చెప్పులు కొనిచ్చిన రోజు గుర్తుందా అంటూ వాడి పాదం తడిమి చూస్తుంది. కొమ్ములా గట్టిపడిన అరికాలు. ఈ పాదాలు ఎన్నడూ చెప్పులెరగవని దిగులుగా అంటుంది. అదే ఊపులో, అయినా నువ్వు మా నాథూలాగే ఉన్నావు, నా కొడుకువి నువ్వే అని తేల్చేస్తుంది. నేను ఈ పుస్తకం ఎన్నిసార్లు తిరగేసినా ఆగేది ఆ పాదం దగ్గరే. పరీక్షలో వాడు తప్పాడు, అయినా ఆమె ఉంచుకుంది. అంటే మనుషుల్లో దొరికిన అమ్మ కూడా పెంపుడమ్మే! మావయ్య చెప్పే ఆ రక్తం దగ్గరికి మౌగ్లీ ఎన్నడూ చేరలేదు. ఒక పెంపుడిల్లు వదిలి ఇంకో పెంపుడింటికి వెళ్ళాడు.

ఇక 'నీ జనం' సంగతి. గేదెలు కాస్తూ, వాటి కాళ్ళ కింద షేర్ ఖాన్‌ను తొక్కించి చంపి ఊరికొచ్చిన పిల్లాడిని ఊరంతా కలిసి రాళ్ళతో కొట్టి తరిమింది. మంత్రగాడన్నారు. వాడికి పాలు పోసినందుకు మెస్సువాను, మొగుణ్ణి మంత్రగాళ్ళని కట్టేసి చంపబోయారు. వేటగాడు బుల్దేవ్ కల్పించిన కట్టుకథలు, ఆ మొగుడూపెళ్ళాల భూమీ గేదెల మీద పడ్డ కళ్ళు, రెండూ కలిస్తే ఏం జరుగుతుందో చేతబడి నెపంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు ఇప్పటికీ చదువుతున్న మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

తోడేళ్ళేమన్నా మేలా అంటే అదీ లేదు. షేర్ ఖాన్ విసిరే ఎంగిలి మాంసానికి అలవాటుపడ్డ కుర్ర తోడేళ్ళు వాణ్ణి మందలోంచి గెంటించాయి. మనుషులూ వెళ్ళగొట్టారు, మందా వెళ్ళగొట్టింది. పోలిక ఉన్నవాళ్ళు, కలిసి పెరిగినవాళ్ళు అందరూ ఒకటే. మరి వాడి పక్కన మిగిలిందెవరు? బాలూ, బఘీరా, మంద పెద్ద అకేలా, పాలిచ్చిన తల్లితోడేలు రక్ష, ఆమె కన్న నలుగురు. చివరికి ఆ కొండచిలువ కా. వాడి కోసం ఎప్పుడో ఒకప్పుడు నోరు తెరిచి మాటిచ్చినవాళ్ళే.

పంచాయతీలో లేచిన రెండు గొంతులు

సియోనీ తోడేళ్ళ చట్టంలో నాకు అన్నిటికంటే నచ్చిన నియమం ఒకటుంది. ఒక పిల్లను మందలో చేర్చుకోవాలా వద్దా అని తగువొస్తే, కనీసం ఇద్దరు దాని తరఫున మాట్లాడాలి. ఆ ఇద్దరూ తల్లీ తండ్రీ కాకూడదు! పున్నమి రాత్రి బండ దగ్గర మంద కూర్చుంది, పిల్లాడు మధ్యలో గులకరాళ్ళతో ఆడుకుంటున్నాడు, వాడు నా వేట, నాకిచ్చేయండని షేర్ ఖాన్ గర్జిస్తోంది. ఎవరూ పలకరు. అవసరమైతే ఇక్కడే పోరాడి చస్తానన్నట్టు రక్ష సిద్ధపడి ఉంటుంది, కానీ ఆమె మాట లెక్కకి రాదు. అప్పుడు లేచింది బాలూ. తోడేలు కాదు, ఎలుగుబంటి. కూనలకి చట్టం నేర్పే మాస్టారు కాబట్టి రానిస్తారంతే. రెండో గొంతు బఘీరాది, దానికైతే అక్కడ మాట్లాడే హక్కే లేదు. అయినా చట్టంలో సందు వెతికి, అప్పుడే కొట్టిన బలిసిన ఎద్దును వెలగా ఇచ్చి ప్రాణం కొంటుంది.

ఇద్దరు పరాయివాళ్ళు, ఒక ఎద్దు. మౌగ్లీ బతుకంతా దాని మీద నిలబడింది.

తల్లి ప్రేమ చాలదని ఆ చట్టం అనడం మొదట్లో నాకు కటువుగా తోచింది. ఆలోచించిన కొద్దీ అది నిజమనిపించింది. దత్తత పిల్లకి అమ్మానాన్నల వల్ల కొరతేముంటుంది, వాళ్ళు ఏళ్ళు ఎదురుచూసి తెచ్చుకున్నారు. కొరత వచ్చేదల్లా పంక్తిలో కూర్చున్నవాళ్ళ వల్ల. బాబాయిలు, మేనత్తలు, పక్కింటివాళ్ళు, స్కూల్లో టీచరు. వీళ్ళలో ఇద్దరు లేచి ఈ పిల్ల మనది అంటే సరిపోతుంది. ఆ రోజు ఆ పంక్తిలో నాతో సహా ఇరవై మందిమి తలొంచుకుని పులిహోర తింటున్నాం.

కన్నవాళ్ళు ఉండి కూడా

రాసినవాడి చిన్నతనం తెలిస్తే ఆ పంచాయతీ సీను ఇంకోలా కనిపిస్తుంది. 1865లో బొంబాయిలో పుట్టాడు కిప్లింగ్. ఆయాలు, నౌకర్లు, వాళ్ళు చెప్పే కథలు, వాళ్ళ భాష, వీటి మధ్య పెరిగాడు. ఆరేళ్ళు నిండేలోపే, 1871లో, అతన్నీ మూడేళ్ళ చెల్లెలు ట్రిక్స్‌నూ తల్లిదండ్రులు ఇంగ్లాండులో సౌత్‌సీ అనే ఊళ్ళో డబ్బు తీసుకుని పిల్లల్ని పెంచే ఒక ఇంట్లో దించి ఇండియా తిరిగొచ్చేశారు. ఆ ఇల్లు పత్రికా ప్రకటన చూసి వెతుక్కున్నది. పిల్లలకి ముందుగా ఒక్క మాట చెప్పలేదు. అప్పట్లో ఇక్కడి ఇంగ్లీషువాళ్ళకి అది మామూలే. ఐదేళ్ళకి పైగా ఆ ఇంటావిడ చేతిలో దెబ్బలు, అవమానాలు, నరకం పేరు చెప్పి బెదిరింపులు. క్రిస్మస్‌కి లండన్లో పిన్ని ఇంటికి వెళ్ళినప్పుడు మాత్రం ఊపిరి పీల్చుకునేవాడు. అయినా ఆమెకి కూడా ఒక్క ముక్క చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని తర్వాత ఆమె అడిగిందట. దానికి ఆయన ఆత్మకథలో రాసుకున్న జవాబు ఏమిటంటే, పిల్లలు కూడా దాదాపు జంతువుల్లాగే ఏమీ చెప్పరు, తమకి జరిగేదే శాశ్వతమని ఒప్పేసుకుంటారు.

కన్న తల్లిదండ్రులు ఉన్నారు, బతికే ఉన్నారు, ఉత్తరాలు రాస్తున్నారు. ఆ ఇంట్లో వాడి తరఫున మాట్లాడేవాళ్ళు మాత్రం లేరు. అలాంటివాడు పెద్దయి, అమెరికాలో వెర్మాంట్ మంచులో, తొలి బిడ్డ పుట్టే రోజుల్లో ఈ కథలు మొదలుపెట్టి, ఏ దిక్కూ లేని పిల్లాడికి నలుగురు పెంపుడు పెద్దల్ని ఇచ్చాడు. కారణం ఇదేనని నేను రుజువు చేయలేను. కానీ రక్తసంబంధం దానంతటదే పిల్లల్ని కాపాడుతుందని మాత్రం ఆయన నమ్మి ఉండడు. (పదేళ్ళ పిల్లల్ని ర్యాంకుల కోసం హాస్టల్లో పడేసి నెలకోసారి పచ్చడి సీసాలతో వెళ్ళొచ్చే మనం ఆ తల్లిదండ్రుల్ని మరీ తిట్టక్కర్లేదు.)

ఒకటి మాత్రం నాకు మింగుడుపడదు. బాలూ పాఠం చెబుతూ కొడతాడు, మొహం కమిలిపోయేలా కొడతాడు. బఘీరా అడ్డుపడితే, తెలియక చచ్చేకంటే నా చేతిలో దెబ్బలు తినడం మేలంటాడు. శిక్ష పడ్డాక లెక్క తీరిపోతుంది, తర్వాత సణుగుడు ఉండదు, అదే అడవి చట్టం గొప్పదనం అని కిప్లింగ్ మురిసిపోతాడు. సౌత్‌సీలో దెబ్బలు తిన్న మనిషే ఇది రాశాడంటే నాకు కొంచెం భయమేస్తుంది. ప్రేమతో కొట్టడమనే మాట మన బడుల్లో ఎన్ని వీపుల మీద వాతలు తేల్చిందో మనకి తెలుసు. ఈ ఒక్క చోట బఘీరాదే న్యాయం.

నిజం తోడేలు పిల్లలు

ఇంకో అభ్యంతరం కూడా ఉంది. ఇదంతా కల్పన కదా, నిజంగా జంతువుల మధ్య పెరిగితే ఏమవుతారు? స్లీమన్ అనే అధికారి 1852లోనే అవధ్ ప్రాంతంలో తోడేళ్ళు పెంచాయన్న పిల్లల గురించి రాశాడు. ఆగ్రా దగ్గర సికంద్రా అనాథాశ్రమంలో పెరిగిన శనీచర్ అనే అలాంటి పిల్లాడికి ఎన్నేళ్ళున్నా మాటలు రాలేదు. మన పాఠ్యపుస్తకాల్లో కూడా దూరిన మిడ్నాపూర్ అమల, కమల కథలో చాలా భాగం కట్టుకథేనని తర్వాత పరిశోధించినవాళ్ళు తేల్చారు. ఆ పిల్లల్లో చాలామందిని కన్నవాళ్ళే వదిలేసి ఉంటారని, పుట్టుకతో ఏదో లోపం ఉన్నవాళ్ళయి ఉంటారని ఒక వాదన ఉంది. నాకు అదే సబబుగా తోస్తుంది. తోడేలు పేరు చెప్పుకుని మనుషుల పాపం కడిగేసుకున్నాం.

పెంపకం మీద మనవాళ్ళు ఎలాంటి కథ కట్టుకున్నారో చూడాలంటే దక్కన్ దాకా వస్తే చాలు. సోమదేవుడి కథాసరిత్సాగరంలో శాతవాహనుడి పుట్టుక అచ్చం ఇలాంటిదే. పిల్లల్లేని దీపకర్ణి అనే రాజు అడవిలో సింహం మీద స్వారీ చేస్తున్న పసివాణ్ణి చూస్తాడు. సింహం నిజానికి శాపం తగిలిన సాతుడనే యక్షుడు, ఆ పిల్లాడి కన్నతండ్రి. తల్లి పోతే వేరే ఆడసింహాల పాలు పట్టి ఆ పిల్లాణ్ణి పెంచాడు. రాజు ఇంటికి తెచ్చుకున్నాడు, సాతుడు మోసినవాడు కాబట్టి శాతవాహనుడని పేరు పెట్టాడు, రాజ్యమిచ్చాడు. మనం వంశం పేరు చెప్పుకుని గర్వపడే రాజుకి ఆ పేరూ, రాజ్యమూ పెంచుకున్నవాడి వల్ల వచ్చాయని కథ. భారతం ఆదిపర్వంలో కణ్వుడు, పక్షులు కాపాడిన శకుంతలను తన కూతురెందుకు అన్నాడో చెబుతూ, శరీరమిచ్చినవాడు, ప్రాణం కాపాడినవాడు, అన్నం పెట్టినవాడు, ముగ్గురూ తండ్రులే అంటాడు. అన్నప్రాసనలో వాదన పెట్టుకుని ఉంటే నేను ఎత్తాల్సింది కిప్లింగ్‌ని కాదు, కణ్వుణ్ణి.

మరి ఎందుకు వెళ్ళాడు?

చివరి కథలో వాడికే తెలియదు. వసంతం వచ్చింది, అడవిలో ప్రతి జీవీ తన పాటలో తానుంది, పిలిస్తే ఎవరూ పలకరు, ఒళ్ళంతా చిరాకు, ఏదో విషం తిన్నానేమో అనుకుంటాడు. పరిగెత్తి పరిగెత్తి అనుకోకుండా మెస్సువా గుడిసె దగ్గర తేలతాడు. తర్వాత బాటమీద తెల్లబట్ట కట్టుకున్న ఒక అమ్మాయి వెళ్తుంటే కనుమరుగయ్యేదాకా చూస్తుండిపోతాడు. దీనికి రక్తం పిలుపు దేనికి, పదిహేడేళ్ళు చాలు. మన కన్న పిల్లలు ఆ వయసులో ఇల్లు దాటి, ఇరవై రెండేళ్ళకి డల్లాస్‌లో దిగితే రక్తం లాగిందని ఎవరైనా అంటున్నామా? ఎదిగాడంటున్నాం, స్వీట్లు పంచుతున్నాం. పెంపుడు పిల్లలు అదే పని చేస్తే మాత్రం పోలిక వెతుకుతాం.

పైగా వెళ్ళే ముందు జరిగింది చూడండి. బఘీరా ఆలస్యంగా వస్తుంది, ఎందుకంటే ఇంకో ఎద్దును కొట్టి వచ్చింది. మొదటి ఎద్దు చేర్చుకోవడానికి, ఇది విడిపించడానికి, బాకీలన్నీ తీరిపోయాయంటుంది. పెంచిన చెయ్యి ఇంత స్పష్టంగా నువ్వు నాకేమీ రుణపడి లేవని చెప్పడం మన ఇళ్ళలో నేనైతే చూడలేదు. నిన్ను ఎంత కష్టపడి పెంచానో తెలుసా అన్న మాట కన్నవాళ్ళ నోటా విన్నాను, పెంచినవాళ్ళ నోటా విన్నాను.

వెళ్ళాక ఏమైందో కూడా కిప్లింగ్ రాశాడు. అది ముందే, 1893లోనే, పెద్దల కథల సంపుటిలో 'ఇన్ ది రుఖ్' పేరుతో వచ్చింది. అందులో మౌగ్లీ పెద్దవాడు. గిస్బోర్న్ అనే ఫారెస్ట్ ఆఫీసర్‌కి ఎదురుపడి, నాకు ఊరు లేదు, కులం లేదు, ఆ మాటకొస్తే తండ్రీ లేడని ఏ సిగ్గూ లేకుండా చెప్పుకుంటాడు. దొరలు వాణ్ణి అడవి కాపలాదారుగా పెట్టుకుంటారు, జీతం, చివర్లో పింఛను. ఈ ముగింపు నాకు నచ్చదు. అడవికి యజమాని లాంటివాణ్ణి సర్కారు బంట్రోతుని చేసి, అదే పెద్ద వరమన్నట్టు రాశాడు. అదే సర్కారు అడవి చట్టాలు మన మన్యంలో పోడు కొట్టుకునేవాళ్ళ కడుపు మీద కొడితే 1922లో రంప పితూరీ దాకా వెళ్ళింది. ఆ అడవిలో పుట్టినవాళ్ళ తరఫున ఏ పంచాయతీలోనూ బాలూ లేవలేదు.

కానీ అదే కథలో మౌగ్లీ పెళ్ళి చేసుకుంటాడు, బిడ్డ పుడతాడు. కథ చివర్లో గడ్డిలో ఆ పసివాడు పాకుతుంటే వెనకే తోడేలు తల కనిపిస్తుంది. ముల్లర్ అనే పై అధికారి తుపాకీ ఎత్తుతాడు, గిస్బోర్న్ ఆ గొట్టాన్ని పైకి కొట్టేస్తాడు. అది బిడ్డను తినడానికి రాలేదు. రక్ష కన్న నలుగురూ తమ్ముడి వెంట మనుషుల్లోకి వచ్చేసి, ఇప్పుడు వాడి కొడుకుని చూసుకుంటున్నారు. పిల్లల కోసం అచ్చేసే సంపుటాల్లో ఈ కథ సాధారణంగా ఉండదు, విడిగా వెతుక్కోవాలి.